గరగర లేని చప్పుడు

మా తమ్ముడికి గరగర పడదు. వాడిది మైకుసెట్టు వ్యాపారం. ఏ సభలోనైనా స్పీకరు కాస్త గీపెట్టిందంటే చాలు, అది వాడి సెట్టు కాకపోయినా సరే, తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్ళి వైర్లు కదిలించి వస్తాడు. ఇంట్లో ఫ్యాను కిర్రుమంటుంటే మా మరదలు హాయిగా నిద్రపోతుంది, వీడు మాత్రం నిచ్చెన వెతుక్కుంటాడు. అలాంటివాణ్ణి పురిటి గదిలో, గరగరలాడే మిషను పక్కన కూర్చోబెట్టారు.

నిజానికి ఒక్కరినే లోపలికి రానిస్తామన్నారు. నేను పేచీ పెట్టి ఇద్దరం దూరాం. మా అమ్మ పోయినప్పటి నుంచీ వాణ్ణి పెంచింది నేను. మరదలికి పుట్టింటి వైపు నుంచి రావడానికి ఎవరూ లేరు. ఇక నేను బయట బల్ల మీద కూర్చుని గోళ్ళు కొరుక్కోవాలా? నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ సంగతి గేటు దగ్గరి మనిషికి ముందుగా అర్థమైంది, తర్వాత ఆసుపత్రిలో మిగతావాళ్ళకి అర్థమైంది.

మరదలు తెల్లవారుజాము నుంచి నొప్పులు పడుతోంది. ఎత్తు మంచం, రెండు పక్కలా స్టీలు కడ్డీలు, సగం వరకూ తెల్ల రంగు పూసిన కిటికీ అద్దం. ఆమె కడుపు మీద రెండు బిళ్ళలు పెట్టి బెల్టులతో కట్టారు. వాటి వైర్లు చక్రాల బండి మీదున్న మిషనులోకి వెళ్తున్నాయి. మిషను అంకెలు చూపిస్తూ, పక్కనుంచి గీతలు గీసిన కాగితాన్ని కొంచెం కొంచెంగా బయటికి తోస్తోంది.

"పై బిళ్ళ నొప్పుల కోసం. కింద బిళ్ళ బిడ్డ గుండె కోసం" అని నర్సు చెప్పింది. "ఈ అంకె నూట పదికీ నూట అరవైకీ మధ్యలో ఉంటే మనకేం భయం లేదు. చప్పుడు వినిపిస్తోందిగా, అదే మీ బిడ్డ."

వినిపించడమైతే వినిపించింది గాని, మరదలు పక్కకు ఒత్తిగిలినా, నొప్పి వచ్చి మెలితిరిగినా బిళ్ళ జారిపోయేది. చప్పుడు పోయి గరగర మిగిలేది. అంకె ఉండాల్సిన చోట రెండు అడ్డగీతలు కనిపించేవి. నర్సు వచ్చి, జిగురు మందు రాసి, బిళ్ళ సర్ది, చప్పుడు దొరకబుచ్చుకుని వెళ్ళిపోయేది. ఆమెకు పక్క గదుల్లో ఇంకా ఇద్దరు పురిటివాళ్ళున్నారు. రెండు కాళ్ళ మనిషి ఎన్ని గదుల్లో నిలబడుతుంది?

"అక్కా, అది కాంటాక్టు సరిగ్గా లేదు" అన్నాడు తమ్ముడు.

"ఒరేయ్, అది నీ స్పీకరు కాదు. చేతులు జేబులో పెట్టుకుని కూర్చో."

పెట్టుకున్నాడు. కాసేపటికి తీశాడు.

మధ్యాహ్నానికి నొప్పులు బాగా దగ్గరపడ్డాయి. నొప్పి వచ్చినప్పుడల్లా చప్పుడు మాయమవుతోంది, తిరిగి రావడానికి ఆలస్యం చేస్తోంది. మరదలు తన నొప్పి మర్చిపోయి మిషను వైపు చూడటం మొదలుపెట్టింది. "ఏవండీ, బిడ్డ చప్పుడు ఏదీ?" అంది. మళ్ళీ కాసేపటికి అదే మాట. మూడోసారి కూడా అడిగింది. నేను తలుపు దగ్గరికి వెళ్ళి నర్సుని కేకేశాను. "వస్తున్నానమ్మా" అని జవాబు వచ్చింది గాని మనిషి రాలేదు.

నేను వెనక్కి తిరిగేసరికి తమ్ముడు మంచం దగ్గర నిలబడి ఉన్నాడు. బిళ్ళని రెండు వేళ్ళతో పట్టుకుని, కొంచెం పక్కకు జరిపి, ఒక వైపు నొక్కి, వంచి, చెవి ఒగ్గి వింటున్నాడు. నేను తిట్టడానికి నోరు తెరిచాను. అంతలో గరగర ఆగిపోయింది. టకటక టకటకమంటూ గదంతా నిండేలా చప్పుడు వచ్చింది. అంకె నూట ముప్ఫై దగ్గర నిలబడింది.

మరదలు కళ్ళు మూసుకుని నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

నర్సు పరుగున వచ్చి అంకె చూసింది, బిళ్ళ అక్కడే ఉండేలా బెల్టు బిగించింది. "మీరు మా దగ్గర ఉద్యోగంలో చేరిపోండి" అని నవ్వి వెళ్ళిపోయింది. మా వాడి ఛాతీ పొంగిపోయింది. ఆ చప్పుడు ఫోనులో రికార్డు చేసుకున్నాడు కూడా. "ఇన్నేళ్ళకి నీ మైకుసెట్టు ఇంట్లోవాళ్ళకి పనికొచ్చిందిరా" అన్నాను నేను.

తోయమని చెప్పే వేళ వచ్చింది. మరదలు పళ్ళు బిగబట్టి తోస్తోంది. తోసినప్పుడల్లా అంకె నూట యాభై దాకా వెళ్తోంది, ఆగినప్పుడు మళ్ళీ దిగుతోంది. "చూశావా, లోపలి నుంచి అదీ తోస్తోంది" అన్నాడు తమ్ముడు. నర్సు కూడా నవ్వింది. ఆ గదిలోకి అంత సంతోషం ఎవరు తెచ్చిపెట్టారా అని ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు వచ్చింది పెద్ద డాక్టరమ్మ. పొట్టి మనిషి. పై అంతస్తులో ఎవరికో ఆపరేషన్ చేసి వచ్చింది, చేతులింకా తడిగానే ఉన్నాయి.

"ట్రేస్ చాలా బాగుంది మేడం" అంది నర్సు, గీతల కాగితం చూపిస్తూ.

డాక్టరమ్మ నిలబడి వింది. ఒక నొప్పి వచ్చి వెళ్ళింది. అంకె పైకెక్కి దిగింది. మెచ్చుకుంటుందేమోనని మేము ఆమె మొహం వంకే చూస్తున్నాం. ఆ మొహంలో రంగు మారింది.

"బాగుండటమే బాగోలేదు" అంది. "బిడ్డ తల ఇంతగా నలుగుతుంటే గుండె కాస్తైనా నెమ్మదించాలి. ఇది ప్రతి నొప్పికీ పెరుగుతోందేంటి?"

గబగబా వచ్చి మరదలి మణికట్టు పట్టుకుంది. రెండో చేతి వేలితో మంచం కడ్డీ మీద నాడి ఎలా కొట్టుకుంటే అలా కొట్టసాగింది. టకటక టకటక. మిషను చప్పుడూ, కడ్డీ మీద వేలి చప్పుడూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. వాటి మధ్య సందే లేదు.

"ఇది బిడ్డది కాదు" అంది డాక్టరమ్మ. "తల్లిది."

నర్సు నోటి మీద చెయ్యి పెట్టుకుంది. మా తమ్ముడు మాత్రం ఇంకా అర్థం కానట్టు మిషను వైపే చూస్తున్నాడు.

డాక్టరమ్మ బెల్టు లాగి పారేసి బిళ్ళని కిందికి, బాగా కిందికి జరిపింది. గరగర. ఇంకాస్త జరిపింది. గరగర మధ్యలోంచి ఒక చప్పుడు బయటపడింది. అది టకటక కాదు. ఒకసారి కొట్టుకుని, ఇంకోసారి కొట్టుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. అంకె డెబ్భై కూడా దాటలేదు. ఆమె మళ్ళీ మణికట్టు పట్టుకుని చూసింది. అక్కడ నొప్పులకి నాడి పరుగెడుతూనే ఉంది.

"ఇదీ బిడ్డది" అంది. గోడ మీది మీట నొక్కింది.

ఆ తర్వాత గదిలోకి ఎంతమంది వచ్చారో నాకు తెలీదు. మమ్మల్ని మూలకు నెట్టేశారు, బయటికి పంపాలని ఎవరికీ తోచలేదు. "పైకి తీసుకెళ్ళే టైం లేదు, తల కిందికి వచ్చేసింది, ఇక్కడే తీస్తున్నాం" అని డాక్టరమ్మ ఎవరికో చెప్పింది. బిడ్డ తలకి పట్టే గిన్నెలాంటి పరికరం తెచ్చారు. "అమ్మా, వచ్చే నొప్పికి నీ ఒంట్లో ఉన్న బలమంతా నాకు కావాలి. కావాలంటే అరిచెయ్యి, ఫరవాలేదు." మరదలు అరిచింది. నేను ఆమె తల పట్టుకున్నానో, ఆమే నా చెయ్యి పట్టుకుందో గుర్తులేదు.

ఆడపిల్ల. నెత్తురు లేనట్టు తెల్లగా పాలిపోయి ఉంది. ఉతికి, పిండి, ఆరేయడానికి చేతి మీద వేసుకున్న బట్టలా డాక్టరమ్మ చేతి మీద వాలిపోయింది. ఏడవలేదు.

"ఏడవట్లేదేంటి వదినా?" అంది మరదలు.

నా నోటికి ఊళ్ళో అందరూ భయపడతారు. ఆ క్షణం ఆ నోటికి దొరికింది ఒక్క మాటే. "చూస్తున్నారమ్మా, చూస్తున్నారు" అన్నాను.

పక్కన దీపం వెలుగుతున్న బల్ల మీద పిల్లని పెట్టారు. ఒకరు ముక్కూ నోరూ కలిపి మాస్కు ఆనించి గాలి నొక్కుతున్నారు. పిల్లల డాక్టరు రెండు బొటనవేళ్ళతో ఆ గుప్పెడంత ఛాతీని నొక్కుతూ పైకి లెక్కపెడుతున్నాడు. లెక్క ఆగింది. "గుండె అందుకుంది, ఊపిరి లేదు" అన్నాడు. గాలి నొక్కుతూనే ఉన్నారు. నేను మొక్కుకోవడం కూడా మర్చిపోయాను. చాలాసేపటికి ఎక్కిళ్ళు పట్టినట్టు ఒక్కసారి ఎగిరిపడింది. మళ్ళీ ఇంకోసారి. దానికే అందరూ కదిలారు. బల్లని అలాగే తోసుకుంటూ తీసుకెళ్ళిపోయారు.

పిల్లల డాక్టరు బక్కపల్చటి కుర్రవాడు. మమ్మల్ని నడవలో కూర్చోబెట్టి ఎంత నెమ్మదిగా మాట్లాడాడంటే, "బాబూ, చెడ్డ మాటైనా సరే గట్టిగా చెప్పు" అని కసిరాను.

"పుట్టే ముందు పాపకి ప్రాణవాయువు అందలేదమ్మా. రక్తం పరీక్షలో అది తెలుస్తోంది. ఒళ్ళు వేలాడుతోంది. నోట్లో వేలు పెడితే చప్పరించట్లేదు. మెదడుకి దెబ్బ తగిలింది."

"ఎంతసేపు అందలేదు?" అన్నాడు తమ్ముడు.

"అది చెప్పలేనండి. ఆ సేపంతా పాప గుండెని ఎవరూ వినలేదు కదా."

తమ్ముడు తల దించుకున్నాడు.

"ఇప్పుడు పాపని చల్లబరచాలి" అన్నాడు డాక్టరు.

నాకు పట్టరాని కోపం వచ్చింది. "ఇప్పుడే పుట్టిన పిల్లని చలిలో పడేస్తావా? నువ్వు డాక్టరువేనా?"

అతను నొచ్చుకోలేదు. "దెబ్బ రెండుసార్లు తగులుతుందమ్మా. మొదటిది ప్రాణవాయువు అందనప్పుడు తగిలింది. దాన్ని నేను వెనక్కి తిప్పలేను. రెండోది ఇంకొన్ని గంటల్లో మొదలవుతుంది. దెబ్బతిన్న కణాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ వస్తాయి. ఒళ్ళు చల్లగా ఉంటే మెదడు పని తగ్గించుకుంటుంది, ఆ చావులు తగ్గుతాయి. పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి. మూడు రోజులు చల్లగా ఉంచి, తర్వాత మెల్లగా వేడి చేస్తాం."

"చేస్తే బాగైపోతుందా?"

"కొందరికి బాగవుతుంది. అందరికీ కాదు."

తమ్ముడు సంతకం పెట్టాడు.

లోపల పిల్ల పరుపు మీద ఉంది. ఆ పరుపులో చల్లటి నీళ్ళు తిరుగుతుంటాయి. ఒంటి మీద గుడ్డ లేదు, గొంతులో గొట్టం, నెత్తికి అతికించిన సన్నటి వైర్లు. మెదడులో ఏం జరుగుతోందో ఆ వైర్ల చివరున్న తెర మీద గీతలుగా కనిపిస్తుందట. నేను పాదం ముట్టుకున్నాను. కుళాయిలా చల్లగా తగిలింది. సంచిలో ఉన్న దుప్పటి తీసి కప్పెయ్యాలని నా చేతులు ఎంత కొట్టుకున్నాయో చెప్పలేను. నా జన్మలో నేను ఎవరి మాటైనా విన్నానంటే ఆ బక్క డాక్టరు మాటే.

రెండో రోజు ఉదయం నేను పక్కన నిలబడి ఉండగా పిల్ల కాళ్ళు కదిలించింది. సైకిలు తొక్కుతున్నట్టు ఒకదాని తర్వాత ఒకటి. పెదాలు కూడా చప్పరించింది. "ఒరేయ్ రారా, కాళ్ళు ఆడిస్తోంది! పాల కోసం చప్పరిస్తోంది!" అని అరిచాను. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. అక్కడి నర్సు తెర వైపు చూసింది, చూసి మా ఇద్దర్నీ పక్కకు జరిపింది. డాక్టర్ని పిలిచింది. సిరంజిలో మందు ఎక్కించారు. కాళ్ళు ఆగిపోయాయి.

"ఫిట్స్ అమ్మా" అంది నర్సు. "ఇంత చిన్నపిల్లల్లో ఇలాగే ఉంటాయి."

మేం ఇలా రెండోసారి సంతోషపడ్డాం. ఇక మీదట దేన్ని చూసి సంతోషపడాలో కూడా నాకు తెలియకుండా పోయింది.

ఆ రోజు నడవలో తమ్ముడు నాతో అన్నాడు, "అక్కా, నేను జరపకపోతే ఆ గరగరే ఉండేది. గరగర ఉంటే సిస్టర్ మళ్ళీ వచ్చేది. వచ్చి వెతికేది."

లాగి లెంపకాయ కొట్టాలనిపించింది. చిన్నప్పుడు జ్వరం వస్తే పడుకోబెట్టుకున్నట్టు ఒళ్ళో పడుకోబెట్టుకోవాలని కూడా అనిపించింది. రెండూ చెయ్యలేదు.

డాక్టరమ్మ అటుగా వస్తే వాడే లేచి ఎదురు వెళ్ళాడు. "ఆ బిళ్ళ నేనే జరిపానండి."

"తెలుసు. సిస్టర్ చెప్పింది" అంది ఆమె. "చప్పుడు మారినప్పుడు తల్లి నాడి పట్టుకుని అది ఎవరిదో తేల్చుకోవడం మా పని. మేము తేల్చుకోలేదు. అంకె బాగుంది కదా అని నమ్మేశాం. పైవాళ్ళకి కూడా ఇదే చెప్పాను. మీ భార్యకి నేను చెప్తాను."

"వద్దండి. నేను చెప్తాను."

చెప్తానన్నాడు గాని చెప్పలేదు. మరదల్ని చక్రాల కుర్చీలో రోజూ పిల్ల దగ్గరికి తీసుకొచ్చేవాళ్ళం. ఆమె వేలితో పిల్ల అరచేతిని తడుముతూ కూర్చునేది. వీడు గోడకి ఆనుకుని, చేతులు జేబుల్లో దోపుకుని నిలబడేవాడు. "ఒక్కసారి ముట్టుకోండి" అనేది ఆమె. "చేతులు శుభ్రంగా లేవు" అనేవాడు. కడుక్కోవడానికి అక్కడే కుళాయి ఉంది. మూడో రోజు ఆమె నన్ను దగ్గరికి పిలిచి, "వదినా, పిల్ల ఇలా అయిందని ఆయనకి దాన్ని చూడబుద్ధి కావట్లేదా?" అని అడిగింది. వాడిని మెట్ల దగ్గరికి లాక్కెళ్ళి తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. "ఇవాళ నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. అప్పుడు నీ పెళ్ళానికి మొహం ఎలా చూపిస్తావో చూసుకో" అన్నాను.

పిల్లని మెల్లగా వేడి చేశారు. వేడెక్కుతుంటే మళ్ళీ ఫిట్స్ వస్తాయేమోనని ఆ పూటంతా డాక్టరు కుర్చీ వేసుకుని తెర ముందే కూర్చున్నాడు. రాలేదు. గొట్టం తీశారు, తనంతట తనే ఊపిరి పీల్చుకుంది. పెద్ద మిషనులో పెట్టి తలకి ఫోటోలు తీశారు. అవి వచ్చాక బక్క డాక్టరు మా ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు. ఈసారి గట్టిగానే మాట్లాడాడు.

"నేను భయపడినంత లేదు. కానీ ఏమీ లేదని చెప్తే అబద్ధం అవుతుంది. లోపల ఒక పక్క దెబ్బ తిన్న గుర్తు ఉంది. అది రేపు కాలికి అడ్డం వస్తుందో, చేతికి వస్తుందో, అసలు దేనికీ రాదో ఇవాళ నేను చెప్పలేను. కూర్చునే వయసులో, నడిచే వయసులో చూస్తూ ఉండాలి. నోట్లో వేలు పెడితే చప్పరిస్తోంది. బలం తక్కువ, అయినా చప్పరిస్తోంది."

పిల్లని మొదటిసారి మరదలి ఒళ్ళో పెట్టారు. వెచ్చగా ఉంది. మూతి ముడుచుకుని, ఎవరి మీదో అలిగినట్టుంది. తమ్ముడు గోడ దగ్గరే ఉన్నాడు. నేను వాడి వంక చూశాను. వాడు వచ్చి ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు.

"ఆ రోజు బిళ్ళ నేను జరిపాను" అన్నాడు. "గరగర పోవాలని జరిపాను. దొరికింది నీ గుండె చప్పుడు. అందరం అదే విన్నాం. దీనిది ఎవరమూ వినలేదు."

మరదలు పిల్ల మొహం మీంచి కళ్ళు తీయలేదు. అరుస్తుందేమో, ఏడుస్తుందేమో అని నేను కుర్చీ అంచున కూర్చున్నాను.

"నాకు తెలుసు" అంది.

"అక్క చెప్పిందా?"

"కాదు. అప్పుడే తెలుసు. నా గొంతులో కొట్టుకుంటోంది, చెవుల్లో కొట్టుకుంటోంది, మిషనులోనూ అదే కొట్టుకుంటోంది. అన్నీ కలిసే పడుతున్నాయి. ఇది నాదేమో, అడుగుదామా అనుకున్నా. మీరేమో అంత సంతోషంగా నవ్వుతున్నారు. అడిగితే మళ్ళీ దాన్ని కదిలిస్తారు, మళ్ళీ ఆ గరగర మొదలవుతుంది, చప్పుడు దొరక్కపోతే? భయమేసింది. అది బిడ్డదే, బిడ్డదే అనుకుంటూ వింటూ పడుకున్నా."

ఇన్నాళ్ళూ ఒకే రాయిని ఇద్దరూ విడివిడిగా మోశారని నాకు అప్పుడు తెలిసింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలీక నా కోపం ఎటో పోయింది.

"నన్ను ఏమైనా అనండి" అంది మరదలు. "దీన్ని మాత్రం ఎత్తుకోండి."

వాడి చేతులు జేబుల్లోంచి బయటికి వచ్చాయి. ఆమె పిల్లని అందించింది. మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో నేను చూపించబోయి, ఎందుకో ఆగిపోయాను. వాడు నెమ్మదిగా తల వంచి దాని ఛాతీకి చెవి ఆనించాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. మేమిద్దరం వాడి మొహం వంకే చూస్తున్నాం.

"ఇది నీది కాదు" అన్నాడు ఆమెతో, చెవి తీయకుండానే. "దీనిదే."

అని భోరుమన్నాడు. గడ్డం గుచ్చుకుందో, గోలకి భయపడిందో, పిల్ల సన్నగా, పిల్లికూనలా ఏడుపు అందుకుంది. మరదలూ ఏడ్చింది, నేనూ ఏడ్చాను. నర్సు వచ్చి, పాలు పట్టే వేళ దాటిపోతోందని మా అందర్నీ కలిపి కసిరింది.